తలుపు వెనక రేవులు

జూన్ 12, గురువారం

నేల కదలడం లేదు. ఇంటికొచ్చి వారమైనా నాకు ఇది కొత్తగానే ఉంది. మంచం మీద వాలగానే ఏదో ఆగిపోయినట్టనిపించి లేచి కూర్చుంటున్నాను. ఓడలో ఇంజను చప్పుడు ఆగితే అందరం ఇలాగే లేచేవాళ్ళం.

ఇవాళ మా పడగ్గది తలుపు మూడుసార్లు కొట్టి, "హౌస్‌కీపింగ్" అన్నాను. ఓడలో ప్రతి గది ముందూ అనే మాట, నోరు దానంతటదే అనేసింది. లోపల రజని జడ వేసుకుంటోంది. ముందు నవ్వింది. తర్వాత నవ్వాపి, "నీ ఇల్లే ఇది, రా" అంది.

వర్షితకి ఏడేళ్ళు. ఫోన్‌లో గలగలా మాట్లాడే పిల్ల, ఎదురుగా కూర్చుంటే తల్లి వెనక దాక్కుంటోంది. నాకు చాయ్ ఇచ్చి రమ్మంటే కప్పు గడప మీద పెట్టి పారిపోయింది. తప్పు దానిది కాదు. మొదటి ఓడ దిగి ముంబయి దాకా వచ్చి, ఇంటికి రాకుండానే రెండో ఓడ ఎక్కిన నాన్నని నేను. రెండేళ్ళు. నేను పోగానే వీళ్ళు ఈ కిరాయి ఇంటికి మారారు. నాకు ఇక్కడ స్విచ్చులు ఎక్కడున్నాయో కూడా తెలియదు.

ఈ డైరీ రజనికి తను పనిచేసే ఎరువుల షాపులో ఇచ్చారు. అట్ట మీద వరి కంకి బొమ్మ ఉంది. ఖాళీగా ఉంటే చేతులు ఊరుకోవడం లేదు కాబట్టి రాస్తున్నాను, అంతే.

జూన్ 14, శనివారం

రాందాస్ చౌరస్తాలో పరశురాం హోటల్‌కి పోయాను. వాడూ నేనూ పదో తరగతి దాకా ఒకే బెంచీ.

"ఏం స్వామీ, దునియా మొత్తం తిరిగొచ్చినవ్. జర చెప్పరాదు, అందరం ఇంటం" అన్నాడు. చాయ్ తాగేవాళ్ళు నలుగురు నావైపు తిరిగి కూర్చున్నారు.

ఏం చెప్పాలి? నేను గదులు ఊడ్చే మనిషిని. ఓడ రేవులో ఆగుతుంది, గెస్టులు ఊరు చూడటానికి దిగుతారు, వాళ్ళు దిగాకే నాకు పని. మధ్యాహ్నం కాస్త సందు దొరికితే మేమూ దిగి పరిగెత్తేవాళ్ళం. ఎక్కడికి? ఫ్రీ వైఫై ఉన్న చోటికి. ఏ దేశపు రేవులో ఏ గోడ పక్కన కూర్చుంటే సిగ్నల్ వస్తుందో అడగండి, చెప్తాను. ఆ గోడకి అవతల ఏముందో మాత్రం అడగొద్దు.

పరశురాంతో ఐఫిల్ టవర్ చూశానని చెప్పాను.

"ఎంత ఎత్తుంటదిరా?"

"మన మెదక్ చర్చిలు ఐదారు ఒకదాని మీద ఒకటి పెట్టుకో."

అందరూ అబ్బో అన్నారు. పారిస్‌లో సముద్రం లేదు, ఓడ అక్కడికి పోదు. ఎవరికీ ఆ అనుమానం రాలేదు. చాయ్ డబ్బులు కూడా తీసుకోలేదు పరశురాం.

జూన్ 15

బాగా నిద్ర పట్టింది. నాకేం బాధ లేదు.

జూన్ 17, మంగళవారం

జోయెల్ వాయిస్ మెసేజ్ పెట్టాడు. చర్చి కాంపౌండ్ పిల్లాడు, ఓడలో నా గదిలో పై బంకు వాడిది. "అన్నా, నేపుల్స్‌ల ఉన్నం. నీ సెక్షన్ ఇంకొకనికి ఇస్తమంటున్నరు. జూలై పద్నాలుగున ఎక్కాలె. ముప్పై లోపట ఔనో కాదో చెప్పమన్నరు" అన్నాడు. వెనకాల హారన్లు, ఎవరో ఇటాలియన్‌లో అరుస్తున్నారు.

నేపుల్స్ అంటే నాకు ఒక ఇరుకు సందు. ఈ మేడ నుంచి ఆ మేడకి తాళ్ళు కట్టి, మన మంగళ్‌బజార్ బట్టల దుకాణాల కంటే ఎక్కువ బట్టలు ఆరేస్తారు. ఒక ముసలామె మూడో అంతస్తు నుంచి తాడుతో బుట్ట దించుతుంది, కింద కూరగాయలవాడు టమాటాలు వేస్తాడు. నేను ఆమె మెట్ల మీదే కూర్చునేవాణ్ణి. అక్కడ సిగ్నల్ బాగా వస్తుంది.

మెసేజ్ సంగతి రజనికి ఇంకా చెప్పలేదు. నేనే ఏమీ అనుకోలేదు, ఏం చెప్పను?

సాయంత్రం తువాలుతో ఏనుగు చేసి మంచం మీద పెట్టాను. ఓడలో రోజూ గెస్టుల మంచాల మీద ఇవి చేసిపెట్టాలి. ఏనుగు, హంస, కోతి, కుక్క. వర్షిత తలుపు సందులోంచి చూసింది.

"అమ్మా, బర్రె చేస్తడా అడుగు."

బర్రె నాకు రాదు. మా ట్రైనింగ్ పుస్తకంలో బర్రె లేదు. రాదని రజనికి చెప్తే రజని పిల్లకి చెప్పింది. ఇద్దరి మధ్యా రెండు గజాల దూరం లేదు, మధ్యలో ఒక ఇంటర్‌ప్రెటర్.

జూన్ 19

తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరికే ఉండవంటారు. నాకు నోరు లేదు కాబట్టి అదంతా కాళ్ళకే వచ్చింది. ఖిల్లా ఎక్కి దిగాను. రైల్వే స్టేషన్ దాకా నడిచి, ఏ రైలూ లేకపోతే వెనక్కి వచ్చాను. అక్కడ లాడ్జి నడిపే లక్ష్మయ్య పలకరించి, "రూములు మంచిగ చూసుకునేటోడు దొరుకుతలేడు స్వామీ, నువ్వుంటవా?" అన్నాడు. పదకొండు గదుల లాడ్జి. నవ్వి ఊరుకున్నాను. పదకొండు అంతస్తుల ఓడలో పనిచేసినవాణ్ణి.

జూన్ 21, శనివారం

ఓడలో శనివారమంటే గెస్టులు మారే రోజు. పాతవాళ్ళు పొద్దున దిగుతారు, కొత్తవాళ్ళు మధ్యాహ్నం ఎక్కుతారు. ఈలోపు ఆ గదిలో ఇంతకుముందు ఎవరూ పడుకోనట్టు చెయ్యాలి. ఒక్క వెంట్రుక దొరికినా సూపర్‌వైజర్ ముఖం మాడ్చుకుంటాడు. పిల్లలు గోడల మీద గీస్తారు, పెద్దవాళ్ళు అద్దాల మీద రాస్తారు. ట్రైనింగ్‌లో మొదటిరోజే చెప్పారు: గెస్టు రాసింది చదవొద్దు, తుడిచెయ్. చదివితే చెయ్యి ఆగుతుంది.

రజని షాపుకి, వర్షిత బడికి పోగానే నాకు ఆ శనివారం పూనింది. ఫ్యాను రెక్కలు, కిటికీ ఊచలు, పొయ్యి గట్టు, ఏదీ వదల్లేదు. పడగ్గది తలుపు వెనక గోడ మేకులకి స్కూలు బ్యాగు, గొడుగు, పాత యూనిఫాంలు వేలాడుతున్నాయి. తీస్తే వెనకంతా పెన్సిల్ గీతలు, పక్కన పిచ్చి రాతలు. ఓడ నుంచి తెచ్చిన తెల్ల స్పాంజి తడిపి నాలుగు రుద్దులు రుద్దాను. గోడ కొత్తదైంది.

కింద ఉండే ఇంటి ఓనరు ఐలవ్వ నీళ్ళ మోటరు కోసం పైకొచ్చి నిలబడిపోయింది. "ఏం బిడ్డా, మొగోనివి ఇల్లు అద్దంలెక్క చేసినవ్. అయినా, ఇల్లలకంగనే పండుగైతదా?" అంది. నా పని చూసి కుళ్ళుకుందనుకున్నాను.

ఇప్పుడు నాలుగైంది. మంచం మీద హంస చేసిపెట్టాను. వాళ్ళు రావాలి. రజని కళ్ళు తిరగాలి ఇవాళ!

జూన్ 22, ఆదివారం

నిన్న వర్షిత బడి నుంచి వచ్చి బ్యాగు తగిలించడానికి తలుపు వెనక్కి పోయింది. ఎంతసేపటికీ రాలేదు. తర్వాత మెల్లగా అడిగింది.

"అమ్మా, నా ఊర్లు ఏవి?"

అప్పుడే వచ్చిన రజని చెప్పులు కూడా విప్పకుండా పోయి చూసింది.

"గోడ తుడిచినవా?"

"మురికిగా ఉంటే..."

"అది మురికి గాదు." ఆమె గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. "నువ్వు కొత్త ఊరి నుంచి ఫోన్ చేసినప్పుడల్ల పిల్ల ఈ గోడకు ఆని నిలవడేది. నేను నెత్తి మీద స్కేలు పెట్టి గీత గీసేదాన్ని. పక్కన అది ఊరి పేరు రాసేది. ఆ ఊర్ల నువ్వేం చూసినవో అడిగి అది గూడ రాసేది. నువ్వొచ్చినంక చూపెడతనని రెండేండ్లు దాసుకున్నది. సిగ్గు పోయినంక నేనే తలుపు జరిపి చూపెడతనన్నది."

రజని నావైపు తిరిగింది.

"ఒక్క అక్షరమన్న చదువలేదా నువ్వు?"

"చదవకూడదు రజనీ. అది రూలు" అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది. వర్షిత ఏడవలేదు. గోడకి వీపు ఆనించి, నెత్తి మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది, ఎవరైనా గీత గీస్తారేమోనన్నట్టు. నేను పెన్సిల్ కోసం వెతికేలోగా ఐలవ్వ దగ్గరికి వెళ్ళిపోయింది.

జూన్ 23

వర్షిత హంసను విప్పి, తువాలు మడతపెట్టి, నా దిండు పక్కన పెట్టింది.

జూన్ 24, మంగళవారం

రజని నా ఫోన్‌లో టైము చూడబోతే జోయెల్ మెసేజ్ కనబడింది. ఇవాళ ఇంకోటి పెట్టాడు, ముప్పై గుర్తుందా అని.

"ఎన్ని దినాలైంది ఇది వచ్చి?"

"ఇంకా ఏమీ అనుకోలేదు."

"అనుకోకుంటనే రెండేండ్లు పోయినవ్." ఆమె అన్నం గిన్నె దించి నావైపు తిరిగింది. "మనుషులు ఉన్నట్టే తెల్వకుండ చేసుడు నీ నౌకరి. మంచిగనే నేర్చుకున్నవ్. పోతే పో. పోయేటప్పుడు ఇంకొకసారి ఇల్లు సాఫ్ చేసి పో."

నిజంగానే చెప్పుతో కొట్టినట్టుంది. తిన్నాను. అన్నం బాగుందన్నాను కూడా.

జూన్ 26, గురువారం

గోడ మళ్ళీ రాసేస్తాను. ఊర్లు నేను పోయినవే కదా, నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తాయి? వరసగా గుర్తు చేసుకుంటున్నాను.

బార్సిలోనా. రేవు బయట బస్సులు ఆగే చోట సిమెంటు దిమ్మ. పక్కన ఒకాయన కుక్కకి ఐస్‌క్రీం తినిపిస్తున్నాడు, ఒకసారి కుక్క నాకింది, ఒకసారి ఆయన. వర్షితకి చూపిస్తే "ఛీ" అని పడీపడీ నవ్వింది. అప్పుడు దానికి ముందు పళ్ళు రెండూ ఉన్నాయి.

ఇస్తాంబుల్. పిల్లులు మనుషుల్లాగా కుర్చీల్లో కూర్చుంటాయి, ఎవరూ లేపరు. చాయ్ గ్లాసు నడుం సన్నగా ఉంటుంది. ఆ రోజు వర్షితకి జ్వరం. రజని ఒళ్ళో పడుకుని పిల్లిని చూసింది. మరి ఆ రోజు కూడా లేచి గోడకి నిలబడిందా?

సాంటోస్, బ్రెజిల్. రేవు రోడ్డు మీద మక్క కంకులు అమ్మే అతను. మన చేగుంట రోడ్డు మీద లాగే. కాకపోతే కాల్చడు, ఉడకబెట్టి వెన్న రాస్తాడు. నేను తినలేదు, ఫోన్ కట్ అవుతుందని లేవలేదు. ఆ రోజు ఒక పన్ను ఊడింది, అరచేతిలో పెట్టి చూపించింది.

అలాస్కా. వాన. మేం దిగినన్నిసార్లూ వానే. లైబ్రరీ మెట్ల మీద ఓడ పనివాళ్ళు ఇరవై దేశాలవాళ్ళు గోడకి ఆనుకుని, ఎవరి భాషలో వాళ్ళు పిల్లలతో మాట్లాడతారు. గెస్టులు తిమింగలం చూశామన్నారు. నేను వాళ్ళ బూట్ల బురద చూశాను. వర్షితకి మాత్రం తిమింగలం చూశానని చెప్పాను. అదే రాసి ఉంటుంది గోడ మీద.

ఐస్‌లాండ్. పొద్దు గూకని ఊరు. అందరూ నిద్ర మానేసి ఆకాశాన్ని ఫొటోలు తీసుకున్నారు. నా క్యాబిన్‌కి కిటికీ లేదు, మాకు ఎప్పుడూ రాత్రే. ఆ రోజు రెండో తరగతి పుస్తకం చదివి వినిపించింది.

దూరపు కొండలు నునుపు అంటారు. నాకు దూరంలో ఉన్నది ఆ ఊర్లు కాదు. ప్రతి ఊర్లోనూ నేను మెదక్‌నే చూస్తూ కూర్చున్నాను. ఇక్కడికొచ్చి ఇప్పుడు ఆ ఊర్లు చూస్తున్నాను. నాకేదో తిక్క ఉంది.

జూన్ 27

రాసేశాను. అంచనాగా కింది నుంచి పైకి గీతలు గీసి, పక్కన పేర్లు పెట్టాను. వర్షిత బడి నుంచి వచ్చి చూసింది. బార్సిలోనా దగ్గర వంగి, తన నడుముతో కొలిచింది.

"నేను గింత పొట్టిగ లేకుంటి" అంది. రజనితో కాదు, గోడతో.

రబ్బరు తెచ్చుకుని ఒక్కొక్కటే తుడిచింది. నేను నేర్పిన పనే.

జూన్ 28, శనివారం

జోయెల్‌కి ఫోన్ చేసి వస్తున్నానని చెప్పాను. మనసు తేలికైంది. ఇక్కడ నావల్ల ఎవరికీ ఉపయోగం లేదు. అక్కడ నా గదులున్నాయి, నా ట్రాలీ ఉంది. మనసు చాలా తేలికైంది.

సూట్‌కేస్ దించి, మళ్ళీ పైన పెట్టాను. దుమ్ము తుడిచాను.

జూన్ 29, ఆదివారం

ఇంట్లో ఉండలేక చర్చి మైదానానికి పోయి మెట్ల మీద కూర్చున్నాను. ప్రార్థన అయిపోయి జనం బయటికొస్తున్నారు. హైదరాబాద్ నుంచి ఒక కుటుంబం కారులో వచ్చింది. గోపురం మొత్తం రావాలని ఆయన నేల మీద పడుకుని ఫొటో తీస్తున్నాడు. "ఇక్కడ చూడాల్సినవి ఇంకేమున్నాయండీ?" అని నన్నడిగాడు. ఖిల్లా, ఏడుపాయల అన్నాను. తర్వాత ఏమీ తోచలేదు. మా ఊరికి నేనూ గెస్టునే.

అప్పుడు ఫోన్ మోగింది. రజని నంబరు, వీడియో కాల్. తెరమీద వర్షిత. వెనక తలుపు, గోడ.

"నాన్నా! ఏడున్నవ్?"

ఆ గొంతు! ఓడలో వినే గొంతు. సిగ్గూ లేదు, దాక్కోవడమూ లేదు. ఇల్లు పది నిమిషాల దూరం.

"చర్చి కాడ బిడ్డా."

"ఏం కనబడ్తుంది?"

"ఒకాయన నేల మీద పండుకొని ఫొటో తీస్తుండు. ఆయన పొట్ట మీద కుక్కపిల్ల ఎక్కింది." కుక్కపిల్ల నిజంగానే ఎక్కింది. ఈసారి అబద్ధం చెప్పాల్సిన పని పడలేదు.

పకపకా నవ్వింది. "అమ్మా, గీత గియ్యి! చర్చి, కుక్కపిల్ల!" తెర ఊగింది. స్కేలు, రజని గాజులు, పెన్సిల్ కనబడ్డాయి. వర్షిత మళ్ళీ తెరలోకొచ్చింది.

"నాన్నా, మళ్ళ ఓడ ఎక్కుతవా?"

ఎదురుగా ఉంటే అడిగేది కాదు. ఎదురుగా ఉంటే నేనూ ఏదో ఒకటి అనేసేవాణ్ణి. నిన్ననే జోయెల్‌కి మాటిచ్చాను.

"తెల్వది బిడ్డా" అన్నాను.

ముఖం తెరకి దగ్గరగా పెట్టింది. "గట్లయితె రేపు చేగుంట నుంచి చెయ్యి. నేను బడి నుంచి వచ్చినంక. అటెన్క నర్సాపూర్. కోతులున్నయట."

నాకు రూటు వేసి ఇచ్చింది. కెప్టెన్ కూడా ఇంత గట్టిగా చెప్పడు.

జూన్ 30, సోమవారం

చేగుంట. బస్సు దిగి హైవే పక్కన మక్క కంకులు కాల్చే పద్మమ్మ దగ్గర కూర్చున్నాను. ఆమె ఒక చేత్తో నిప్పులు విసురుతూ ఇంకో చేత్తో లారీవాళ్ళకి కంకులు అందిస్తుంది, ఎవరివైపూ చూడదు. "కూసో బిడ్డా, నీకు జర లేతది తీస్త" అంది. ఈసారి తిన్నాను. ఉప్పు, కారం, నిమ్మకాయ. సాంటోస్ వెన్న రుచి నాకెప్పటికీ తెలియదు, పర్వాలేదు.

ఐదింటికి వర్షితకి ఫోన్ చేశాను. కంకి చూపిస్తే, "నాకొకటి తే" అంది.

ఈ మాట నాకు రెండేళ్ళలో ఎవరూ అనలేదు. అంత దూరం నుంచి ఏం తెమ్మంటారు? అక్కడే ఏడ్చాను. పద్మమ్మ పొగనుకుని అటు జరగమంది.

జోయెల్‌కి అక్కడి నుంచే మెసేజ్ పెట్టాను, వస్తలేనని. "అన్నా, పాగల్ అయినవా?" అని తిరిగి పెట్టాడు. కంకి ఫొటో పంపాను. ఇంటికి చేరేసరికి వర్షితకి తెచ్చింది చల్లారింది. పెనం మీద వేడి చేసిచ్చాను, గడప దగ్గర నిలబడి తింది. గడప లోపల.

జూలై 3

నర్సాపూర్. అడవి రోడ్డు మీద కోతి నా చేతిలోని అరటిపండ్లు లాక్కుపోయింది. వీడియోలో దొంగతనం మొత్తం చూసింది వర్షిత. గోడ మీద "నర్సాపూర్, దొంగ" అని రాసిందట.

రజనికి చెప్పాను, ఓడ వద్దన్నానని. "నాకు చెప్పకుంట పోతనంటివి, చెప్పకుంట ఉంటనంటివి. ఏదన్న ఒకటి నన్ను అడిగి చెయ్యి ఇగ" అంది. లక్ష్మయ్య లాడ్జిలో చేరనా అని అడిగాను. పదకొండు గదులన్నాను. "ఇంటికొస్తవు గద" అంది.

జూలై 6, ఆదివారం

నిన్న హవేలిఘనపూర్. నాట్లు పడుతున్నాయి. ఫోన్ చేశాక కూడా గట్టు మీద చాలాసేపు కూర్చుని ఒక బర్రెను చూశాను. కొమ్ములు వెనక్కి ఎలా తిరుగుతాయి, మెడ ఎక్కడ లావవుతుంది అని. దాని యజమాని అనుమానపడి, "ఏమన్న బేరమా?" అన్నాడు.

ఇవాళ రెండు తువాళ్ళతో బర్రె చేశాను. కొమ్ములు నిలబడలేదు. తలుపు సందులోంచి చూస్తున్న వర్షిత లోపలికొచ్చింది, మంచమెక్కి నా పక్కన కూర్చుంది. "గట్ల గాదు నాన్నా" అని కొమ్ములు తనే మెలిపెట్టింది. నేను తోక కదలకుండా పట్టుకున్నాను.

జూలై 14, సోమవారం

ఇవాళ ఓడ ఎక్కాల్సిన రోజు. పొద్దున్నుంచి కాళ్ళు ఒక చోట నిలవడం లేదు, అబద్ధమెందుకు? లాడ్జిలో ఆరో నంబరు గది రెండుసార్లు తుడిచాను. గోడ మీద ఎవరో బస్సు టైములు రాశారు. ఆగి చదివాను. తుడవలేదు.

ఐదింటికి స్టేషన్ నుంచి వర్షితకి ఫోన్ చేశాను. ఎత్తగానే కోపంగా ఉంది.

"నాన్నా, నువ్వు రోజు చేస్తే నేను పెరుగుతలేను!"

"అట్లెందుకంటవ్ బిడ్డా?"

"గీత జరుగుతనే లేదు. గాడనే పడ్తుంది. నువ్వు ఓడల ఉన్నప్పుడు మస్తు పెరిగిన."

వెనక నుంచి రజని నవ్వు వినబడింది. మధ్యలోనే ఆగిపోయింది.

ఇంటికొచ్చి తలుపు వెనక చూశాను. చర్చి, చేగుంట, నర్సాపూర్, హవేలిఘనపూర్, స్టేషన్, పేర్లన్నీ ఒకదాని పక్కన ఒకటి ఇరుక్కున్నాయి. గీత మాత్రం ఒక్కటే. దాని మీదే మళ్ళీ మళ్ళీ గీసి చిటికెన వేలంత లావైంది. నేను చెరిపేసిన గోడ మీద గీతకీ గీతకీ మధ్య ఎంతెంత ఖాళీ ఉండేదో ఇప్పుడు తెలిసింది.

వర్షిత వచ్చి గోడకి ఆని నిలబడింది. "ఫోన్ లేకుంట గియ్యి, చూద్దాం" అంది. స్కేలు పెట్టి, ఆ లావు గీత మీదే ఇంకోటి గీశాను.

"ఏ ఊరు రాయాలె?" అంది.

"ఇల్లు అని రాయి" అన్నాను. ఏం చూశావని అడిగింది. నిన్నే చూసినానన్నాను. రాసింది.